అందరికీ అమ్మే స్థోమత లేనప్పుడు

కన్వర్ట్‌కిట్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ 2013 జనవరిలో మొదలైంది. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో ఉండే నేథన్ బ్యారీ అనే డిజైనర్ దాన్ని మొదలుపెడుతూ అందరి ముందూ ఒక పందెం కాసుకున్నాడు. ఆరు నెలల్లో నెలకి 5,000 డాలర్ల చందా ఆదాయం వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ కట్టి చూపిస్తానని, అదీ బయటివాళ్ల పెట్టుబడి లేకుండా అని. గడువు ముగిసేసరికి సగం దగ్గరే ఆగిపోయాడు. అక్కడి నుంచి పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చి, 2014 చివర్లో నెలకి సుమారు 1,300 డాలర్లకి దిగింది. సాఫ్ట్‌వేర్ పనిచేస్తోంది, చేసినవాడికి తన రంగంలో పేరుంది, అతను సొంతంగా రాసి అమ్ముకున్న పుస్తకాలకి మంచి గిరాకీ ఉంది. అయినా దీన్ని కొనేవాళ్లు లేరు. సరిగ్గా ఇంకో ఏడాది తిరిగేసరికి, అంటే 2015 చివరికల్లా, అదే కంపెనీ నెలసరి ఆదాయం లక్ష డాలర్ల దగ్గరికి చేరింది. ఈ మధ్యలో ఏ ఇన్వెస్టరూ రాలేదు.

మరి ఏం మారింది? హితేన్ షా అనే అనుభవమున్న ఫౌండర్ ఒకాయన బ్యారీకి ముందే ఒక సలహా ఇచ్చి ఉన్నాడు, మూసెయ్యడమో, పూర్తిగా దీనిమీదే కూర్చోవడమో ఏదో ఒకటి తేల్చుకోమని. బ్యారీ రెండోది ఎంచుకుని, దాచుకున్న 50,000 డాలర్లు కంపెనీలో పెట్టాడు. ఇది అందరూ చెప్పే భాగం, ధైర్యం గురించి కాబట్టి వినడానికి బాగుంటుంది. కానీ అసలు మలుపు దాని పక్కనే ఉంది. అప్పటిదాకా ఎవరికి కావాలన్నా అమ్మే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌ని, ఇకమీదట బ్లాగు మీదే బతికేవాళ్ల కోసం మాత్రమే అని తేల్చి చెప్పాడు. మెయిల్‌చింప్ లాంటి పెద్ద ఈమెయిల్ సర్వీసుల కొండల్ని ఎదురుగా పెట్టుకుని, మార్కెట్‌ని పెంచుకోకుండా కుదించుకున్నాడు.

కుదించుకున్నాక చేసిన పని చూస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీ పనిలా అనిపించదు. బ్లాగర్లంటే కూడా మరీ ఎక్కువమంది అవుతారని, వాళ్లలో మళ్లీ చిన్న చిన్న గుంపులు పట్టుకున్నాడు. పేలియో అనే ఆహార పద్ధతి వంటలు రాసేవాళ్లు, మగవాళ్ల ఫ్యాషన్ గురించి రాసేవాళ్లు, ఇలా. ఒక్కో గుంపులో ఎవరెవరున్నారో స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని, ఒక్కొక్కళ్లకీ విడిగా మెయిల్ పెట్టాడు. అందులో అమ్మకం మాట ఉండేది కాదు, ఇప్పుడు వాడుతున్న సర్వీసులో మీకు చిరాకు తెప్పించేది ఏంటి అనే అడిగేవాడు. జవాబులు దాదాపు ఒకేలా వచ్చేవి. అప్పట్లో పెద్ద సర్వీసుల్లో ఒకే మనిషి రెండు లిస్టుల్లో ఉంటే ఇద్దరి కింద లెక్కేసి చార్జీ వేసేవాళ్లు. వంటల పుస్తకం కొన్నవాళ్లకి ఒకరకం మెయిలు, కొననివాళ్లకి ఇంకోరకం పంపాలంటే తలప్రాణం తోకకొచ్చేది. కన్వర్ట్‌కిట్‌లో మనిషి ఒక్కడే, అతనికి ఎన్ని ట్యాగులు కావాలంటే అన్ని తగిలించుకోవచ్చు. బ్లాగర్లు ఇదంతా విని బావుందనేవాళ్లు, కానీ మారడం పెద్ద పని, ఇప్పుడు తీరిక లేదు అనేవాళ్లు. దానికి బ్యారీ దగ్గర ఒకటే జవాబు: మీ లిస్టు, ఫారాలు, ఆటోమేటిక్ మెయిళ్లు అన్నీ నేనే ఉచితంగా మార్చిపెడతాను. అన్నమాట ప్రకారం వాళ్ల అకౌంట్లలోకి దిగి, ఒక్కొక్క మెయిలూ కాపీ చేసి, కొత్త చోట పెట్టి ఇచ్చాడు.

నెలకి వంద డాలర్లు కూడా కట్టని కస్టమర్ కోసం గంటల తరబడి కూర్చుని కాపీ పేస్ట్ చేస్తే గిట్టుబాటు ఎలా అవుతుంది? ఆ ఒక్క కస్టమర్ లెక్కలో అయితే కాదు. కానీ పేలియో వంటల బ్లాగర్ ఒంటరిగా లేడు. అలాంటివాళ్లు ఒకళ్ల బ్లాగులో ఒకళ్లు రాసుకుంటారు, ఒకే సమావేశాల్లో కలుస్తారు, ఏ కెమెరా కొన్నావు, ఏ హోస్టింగ్ వాడుతున్నావు అని రోజూ అడుగుతుంటారు. అందులో ఒకడి అకౌంటు మార్చిపెడితే మిగతా పదిమందికి తెలిసిపోతుంది. పైగా మార్చిపెడుతున్నప్పుడు వాళ్లు సాఫ్ట్‌వేర్‌ని నిజంగా ఎలా వాడుతున్నారో కళ్లారా కనపడుతుంది. లక్షలు పోసి సర్వే చేయించినా ఆ సంగతి తెలియదు. పాట్ ఫ్లిన్ లాంటి బాగా పేరున్న బ్లాగర్లు కూడా ఇటు వచ్చాక వేగం ఇంకా పెరిగింది, ఎందుకంటే కస్టమర్‌ని తెచ్చినవాళ్లకి ఆ చందాలో 30 శాతం కంపెనీ పంచేది, అదీ నెలనెలా. బయటివాళ్లకి కట్టే ప్రకటన డబ్బు తన కస్టమర్లకే పంచిపెట్టిందన్నమాట.

ఇక్కడ లెక్క ఒకసారి మెల్లగా చూడాలి, ఎందుకంటే చిన్న గుంపుని ఎంచుకోవడాన్ని చాలామంది వినయం అనుకుంటారు, లేదా పెద్ద కలలు కనలేకపోవడం అనుకుంటారు. నెలకి 500 రూపాయలు కట్టే కస్టమర్‌ని ప్రకటనలతో పట్టుకోవడానికి 3,000 ఖర్చయిందనుకుందాం. ఆ డబ్బు తిరిగి చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుంది, అదీ అతను మధ్యలో మానెయ్యకపోతే. ఫండింగ్ ఉన్న కంపెనీ ఆరు నెలలు కాదు, రెండేళ్లయినా ఆగుతుంది. ఆగడానికే ఆ డబ్బు తీసుకుంది. సొంత డబ్బుతో నడిచేవాడికి పదిమంది కస్టమర్లని అలా తెచ్చుకుంటే 30,000 బయట ఇరుక్కుపోతుంది, వందమందిని తెచ్చుకుంటే మూడు లక్షలు, అంటే పెరిగేకొద్దీ జేబు ఖాళీ అవుతుంది. కస్టమర్లు పెరుగుతుంటే కంపెనీ మూతపడటం అనే వింత ఇలాగే జరుగుతుంది. అదే ఒక కస్టమర్ ఇంకో కస్టమర్‌ని తన నోటిమాటతో తెచ్చే చోట అమ్మితే ఆ 3,000 ఖర్చు 300కి పడిపోవచ్చు, ఒక్కోసారి సున్నా కావచ్చు. సొంత డబ్బువాడికి చిన్న గుంపు కావాల్సింది ఇందుకు. వేరే దారిలో లెక్క కుదరదు కాబట్టి.

అయితే ఏది గుంపు, ఏది కాదు అన్నదగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మా టార్గెట్ చిన్న, మధ్యతరహా వ్యాపారులు అంటారు. మా టార్గెట్ పాతికేళ్ల నుంచి ముప్ఫై అయిదేళ్ల మధ్య మహిళలు అంటారు. వీళ్లు జనాభా లెక్కలో ఒక గడి, అంతే. తెనాలిలో ఫ్యాన్సీ షాపు నడిపే ఆయనా, పటాన్‌చెరులో మెషీన్ విడిభాగాలు చేసే ఆయనా ఇద్దరూ చిన్న వ్యాపారులే కానీ జీవితంలో ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోరు. గుంపు అంటే అందులోవాళ్లు మనతో సంబంధం లేకుండానే ఇప్పటికే ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటూ ఉండాలి. ఒకే రకం తలనొప్పి ఉండాలి. ఆ తలనొప్పికి ఇప్పటికే ఎంతో కొంత డబ్బో, జీతమిచ్చి ఒక మనిషి టైమో ఖర్చు పెడుతూ ఉండాలి. మూడోది చాలా ముఖ్యం, ఎందుకంటే ఫలానా పనికి డబ్బు కట్టాలి అనే అలవాటునే కొత్తగా నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని, అది సొంత డబ్బుతో అయ్యేది కాదు.

మన దగ్గరి ఉదాహరణగా గుంటూరు మిర్చి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలని తీసుకోండి. అక్కడ వాటిని ఏసీలనే అంటారు. సీజన్‌లో రేటు నచ్చని రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి ఏసీలో పెడతాడు. ఎవరి సరుకు, ఏ లాటు, ఎన్ని టిక్కీలు, ఏ చాంబర్లో ఏ వరసలో ఉంది, అద్దె ఎంత, దానిమీద బ్యాంకు అప్పు ఏమైనా ఉందా అన్నీ రాసిపెట్టుకోవాలి. తర్వాత రేటు వచ్చినప్పుడు మచ్చు తీసి చూపించి, సగం అమ్మి, సగం ఉంచుకుంటాడు. అప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. ఇదంతా గుమస్తా చేతిలో ఉంటుంది, సీజన్‌లో అతనికి ఊపిరాడదు. ఈ పనికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ చేసేవాడు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని గోదాముల మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు పెట్టి దేశమంతా అమ్మబోతే ఎవరూ కొనరు. ఒక్క గుంటూరులో ఒక్క గుమస్తా పక్కన ఒక్క సీజన్ కూర్చుంటే, అతను పుస్తకంలో ఏ గడి ముందు నింపుతాడో, రైతు ఫోన్ చేసి మొదట ఏం అడుగుతాడో తెలుస్తుంది. ఆ వరసలోనే స్క్రీన్ ఉండాలి. ఆ ఏసీ ఓనరుకి మిగతా ఏసీల ఓనర్లు తెలుసు, గుమస్తాకి మిగతా గుమస్తాలు తెలుసు, కమీషన్ వ్యాపారులందరూ అందరికీ తెలుసు. నెలకి 5,000 చొప్పున వందమంది కడితే అయిదు లక్షలు. నలుగురైదుగురున్న టీముకి జీతాలు ఇవ్వడానికి అది చాలు, ఇంకెవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. పెద్ద ఇన్వెస్టర్‌కి ఈ మార్కెట్ కంటికి ఆనదు. అతనికి ఆనకపోవడమే సొంత డబ్బువాడికి రక్షణ, ఎందుకంటే వంద కోట్లు పట్టుకుని ఎవడూ పోటీకి రాడు.

గుంపు దొరకడం ఒకటి, ఆ గుంపులో మనిషిగా ఉండటం ఇంకొకటి. ఇక్కడ షేర్లు కొని అమ్మిపెట్టే బ్రోకర్ కంపెనీ జెరోధా గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అది ఇవాళ ఎంత పెద్దదంటే దాని మొదలు ఎంత ఇరుకైన చోట జరిగిందో జనం మర్చిపోయారు. 2010 ఆగస్టు 15న బెంగళూరులో మొదలైంది, బయటి పెట్టుబడి ఇప్పటికీ లేదు. దాన్ని పెట్టిన నితిన్ కామత్ అప్పటికే చాలా ఏళ్లుగా ట్రేడరు, అంటే రోజూ షేర్లు కొని అమ్మేవాడు. కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు చేస్తూ పగలు ట్రేడింగ్ చేసిన మనిషి, తర్వాత ఒక పెద్ద బ్రోకరేజీకి సబ్ బ్రోకర్‌గా పనిచేశాడు, ఇంటర్నెట్‌లో ట్రేడర్లు కూడే చాట్ గుంపుల్లో తిరిగేవాడు. అంటే కంపెనీ పెట్టకముందే కస్టమర్లు అతనికి తెలుసు, వాళ్లకి అతను తెలుసు.

అప్పట్లో బ్రోకర్లు వ్యాపారం విలువలో ఇంత శాతం అని బ్రోకరేజీ తీసుకునేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు షేర్లు కొని మర్చిపోయే మనిషికి ఆ శాతం పెద్ద విషయం కాదు. రోజుకి పాతికసార్లు కొని అమ్మేవాడికి మాత్రం నెలాఖరున లాభం ఎంతో, బ్రోకరేజీ ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే గుండె ఆగినంత పనయ్యేది. జెరోధా ఎంత పెద్ద ఆర్డరైనా 20 రూపాయలు దాటదు అంది. ఆ ఇరవై ఎవరికి అర్థమవుతుందో వాళ్లకే అమ్మింది. ఎవరు ఎంత ట్రేడ్ చేస్తే మొత్తం ఖర్చులెంత అవుతాయో పైసలతో సహా చూపించే కాలిక్యులేటర్ వెబ్‌సైట్‌లో పెట్టింది. ట్రేడర్ అనేవాడు అంకెలతో బతికేవాడు కాబట్టి అతనికి నినాదాలకంటే ఆ కాలిక్యులేటరే ఎక్కువ నచ్చచెప్పింది, అతను దాన్ని తీసుకెళ్లి పక్కనున్న ట్రేడర్‌కి చూపించాడు. పరిచయం చేసినవాళ్లకి బ్రోకరేజీలో కొంత వాటా కూడా ఇచ్చారు. ప్రకటనల హోరు లేకుండా అయిదేళ్లు ఇలాగే నడిచింది.

2014లో వాళ్లు వార్సిటీ అనే ఉచిత పాఠాలు మొదలుపెట్టారు. కార్తీక్ రంగప్ప ఆధ్వర్యంలో స్టాక్ మార్కెట్ మొదటి పాఠం నుంచి ఆప్షన్ల దాకా వరసగా రాసుకుంటూ వచ్చారు. చదవడానికి అకౌంట్ అక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, వేరే బ్రోకర్ దగ్గర అకౌంట్ ఉన్నవాడు కూడా హాయిగా చదువుకోవచ్చు. లాభం లెక్కేసే మనిషికి ఇది పిచ్చి పనిలా కనిపిస్తుంది. పాఠం సగంలో ఆపి మిగతాది చదవాలంటే అకౌంట్ తెరవండి అని ఒక్క బటన్ పెట్టి ఉంటే ఆ నెలలో ఎన్ని అకౌంట్లు వచ్చేవో! కానీ అలా పెట్టి ఉంటే ఎవరూ దాన్ని పక్కవాడికి పంపేవాళ్లు కాదు. తాళం వేసిన పాఠాన్ని స్నేహితుడికి పంపితే పంపినవాడు కూడా ఏజెంటులా కనిపిస్తాడు, అందుకే మనవాళ్లు పంపరు. షరతు లేకుండా ఇచ్చినదే చేతులు మారుతుంది. కామత్ కూడా ఏళ్ల తరబడి ట్రేడర్ల ప్రశ్నలకి తనే కూర్చుని జవాబులు రాశాడు, ట్యాక్సు దగ్గర నుంచి మార్జిన్ దాకా, సిస్టమ్ పనిచెయ్యనప్పుడు తిట్లతో సహా. 2015 డిసెంబర్లో షేర్ల డెలివరీకి, అంటే కొని అట్టిపెట్టుకునే షేర్లకి, బ్రోకరేజీ పూర్తిగా ఎత్తేశారు. అది చెయ్యగలిగారంటే కారణం ఈ చురుకైన ట్రేడర్ల గుంపు అప్పటికే కంపెనీ ఖర్చులన్నీ మోస్తూ ఉండటమే. 2023-24లో జెరోధా ఆదాయం 8,320 కోట్లు, లాభం 4,700 కోట్లు.

కమ్యూనిటీ అనగానే ఇప్పుడు చాలా స్టార్టప్‌లు వాట్సాప్ గ్రూపు పెట్టేస్తాయి. పొద్దున్నే ఒక ఆఫరు, సాయంత్రం ఒక ఫెస్టివల్ గ్రీటింగు, మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది అనే సమాధానం. అందులో ఉన్నవాళ్లందరికీ కంపెనీ తెలుసు తప్ప ఒకళ్లకి ఒకళ్లు తెలియదు. అది కరపత్రాల పంపిణీ. గ్రూపులో కంపెనీ మనిషి రెండువారాలు నోరు మెదపకపోయినా మాటలు నడుస్తుంటే అక్కడ కమ్యూనిటీ ఉన్నట్టు. అలా నడవాలంటే జనానికి అక్కడ కంపెనీ గురించి కాకుండా తమ పని గురించి మాట్లాడుకునే వీలుండాలి, పోటీ కంపెనీ సరుకు బావుందని ఎవరైనా అంటే ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకుండా ఉండగలిగే గుండె ఓనరుకి ఉండాలి.

ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీది ఇంకో దారి. కమ్యూనిటీ అన్న మాట వ్యాపార ప్రపంచంలో ఫ్యాషన్ కాకముందే అది జరిగిపోయింది. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టారు. తండ్రి మిల్లులకి ముడిసరుకు, మెషీన్ విడిభాగాలు సరఫరా చేసే వ్యాపారి, తన ఖాతాలకి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకుని చెయ్యమన్నాడు. మొదటి కస్టమర్ ఇంట్లోనే ఉన్నాడు, అతనికి కోడ్ నంబర్లు గుర్తుపెట్టుకునే ఓపిక లేదు, మామూలుగా పుస్తకంలో రాసినట్టే పేర్లు కొట్టి ఎంట్రీ వెయ్యాలి. ఆ చికాకులోంచి పుట్టింది కాబట్టే దేశంలోని చిన్న ఊళ్ల గుమస్తాలందరికీ అది అలవాటైపోయింది. టాలీ అమ్మింది ఓనర్లకి, కానీ దాన్ని మోసింది అకౌంటెంట్లు. ఎఫ్ 5 నొక్కితే పేమెంట్, ఎఫ్ 6 రిసీట్, ఎఫ్ 8 సేల్స్, ఎఫ్ 9 పర్చేజ్, మౌస్ ముట్టుకోకుండా పగలంతా ఎంట్రీలు కొట్టే వేళ్లు అవి. ఆ మనిషి ఉద్యోగం మారితే కొత్త ఓనర్‌తో అనే మొదటి మాట మన దగ్గర టాలీ ఉందా అని. అమీర్‌పేట నుంచి మండల కేంద్రం దాకా ఎక్కడ చూసినా టాలీ నేర్పబడును అనే బోర్డు ఉంటుంది, టాలీ తెలిసిన అకౌంటెంట్ కావలెను అనే ప్రకటన ఉంటుంది. ఆ కోచింగ్ సెంటర్లలో ఎన్నో కంపెనీ పెట్టించినవి కావు. నేర్పేవాడికి ఫీజు, నేర్చుకున్నవాడికి ఉద్యోగం, ఇద్దరి బతుకూ దానిమీద నిలబడింది కాబట్టి ఇద్దరూ దాన్ని నిలబెట్టారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఎంతమంది ఓనర్లు కొత్త సాఫ్ట్‌వేర్ వెతికారో తెలీదు గానీ, అకౌంటెంట్లు మాత్రం టాలీ కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుందనే అడిగారు. సాఫ్ట్‌వేర్ కస్టమర్ చేతిలో పనిముట్టుగా ఉండటం వేరు, అతని రెజ్యూమేలో ఒక లైనుగా ఉండటం వేరు. రెండోది సాధిస్తే అమ్మకాల టీముతో పనిలేదు. అయితే దీనికి దశాబ్దాలు పడతాయి, ఎంత దొంగ కాపీల బెడదనైనా తట్టుకుని నిలవాలి, ఆ ఓపిక సొంత కంపెనీకే సాధ్యం.

చిన్న గుంపుని నమ్ముకున్నాక వచ్చే పెద్ద పరీక్ష పేదరికం కాదు, పెద్ద కస్టమర్. మిర్చి ఏసీలకి చేసిన సాఫ్ట్‌వేర్ పదిహేనుమంది వాడుతుండగా ఒక పెద్ద లాజిస్టిక్స్ కంపెనీ వచ్చి, మా గోదాములకి కూడా ఇది కావాలి, కాకపోతే కొన్ని మార్పులు, ఏడాదికి ముప్ఫై లక్షలు ఇస్తాం అంటుంది. ఆ మాట వినగానే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఒప్పుకుంటే టీము మొత్తం ఆరు నెలలు వాళ్ల మార్పులే చేస్తుంది, సీజన్ మొదట్లో గుమస్తా ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉండడు. తర్వాత ఆ కంపెనీలో మేనేజర్ మారితే కాంట్రాక్టు పోతుంది, అప్పటికి పదిహేనుమందీ వేరే దారి చూసుకుని ఉంటారు. ఒక్క కస్టమర్ నుంచి సగం ఆదాయం వస్తుంటే ఆ కంపెనీకి ఇన్వెస్టర్ లేకపోయినా బాస్ ఉన్నట్టే. ఇలాంటి ఆఫర్ వద్దనడానికి చేతిలో ఆరేడు నెలల జీతాల డబ్బు ఉండాలి, అందుకే గుంపుకి మరీ చవకగా అమ్మడం పెద్ద పొరపాటు. మనవాళ్లే కదా అని నెలకి రెండొందలకి ఇచ్చేస్తే ఆ రెండొందలతో వాళ్లకి సరైన సర్వీసు ఇవ్వలేం, చివరికి మాటపడేది వాళ్ల దగ్గరే. కట్టేదానికి మించి గుమస్తా పని మిగులుతుంటే ఓనర్ 5,000 కట్టడానికి వెనకాడడు, బేరమాడతాడంతే.

గుంపులో గొంతున్న నలుగురి మాటే గుంపు మాట అనుకోవడం ఇంకో ప్రమాదం. రోజూ గ్రూపులో ఫీచర్లు అడిగేవాళ్లు ఎప్పుడూ ఆ కొద్దిమందే ఉంటారు. నోరెత్తకుండా నెలనెలా డబ్బు కట్టి వాడుకుంటున్నవాళ్లకి ఏం కావాలో తెలియాలంటే వాళ్లకే ఫోన్ చెయ్యాలి. మానేసి వెళ్లిపోయినవాళ్లకి ఇంకా ముందు చెయ్యాలి.

ఇక గుంపు తలరాతే కంపెనీ తలరాత అవుతుంది, దాన్నుంచి తప్పించుకోలేం. శ్రీధర్ వెంబు వాళ్లు 1996లో మొదలుపెట్టిన అడ్వెంట్‌నెట్, అంటే ఇప్పటి జోహో, టెలికాం, నెట్‌వర్క్ పరికరాలు చేసే కంపెనీలకి మాత్రమే సాఫ్ట్‌వేర్ అమ్మేది. మంచి గుంపు, డబ్బున్న కస్టమర్లు. 2000 తర్వాత డాట్‌కామ్ బుడగ, అంటే ఇంటర్నెట్ కంపెనీల షేర్ల మోజు, పగిలేసరికి ఆ కస్టమర్లలో ఎక్కువమంది కనపడకుండా పోయారు. అప్పు, ఇన్వెస్టర్ల ఒత్తిడి లేవు కాబట్టి కంపెనీ బతికింది, కంపెనీల ఐటీ విభాగాల కోసం మేనేజ్‌ఇంజిన్, ఆ తర్వాత 2005లో జోహో పేరుతో ఆన్‌లైన్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. గుంపు కూలిన రోజున చేతిలో డబ్బుంటేనే రెండో గుంపుని వెతుక్కునే టైము దొరుకుతుంది.

జెరోధాకి వచ్చింది వేరే రకం చిక్కు. దాని ఆదాయంలో పెద్ద భాగం ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడర్ల నుంచి, అంటే ధరలు ముందుముందు ఎటు పోతాయో అంచనా వేసి ఒప్పందాలు కొని అమ్మేవాళ్ల నుంచి వస్తుంది. 2024 సెప్టెంబర్లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఆ విభాగంలో మామూలు వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, వాళ్లందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ నవంబర్ నుంచి సెబీ వీక్లీ ఎక్స్‌పైరీలని, అంటే వారం వారం గడువు తీరే ఒప్పందాలని, ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక ఇండెక్స్‌కే పరిమితం చేసింది, కాంట్రాక్టు సైజు పెంచింది. 2024-25లో జెరోధా ఆదాయం, లాభం రెండూ తగ్గాయి. ట్రేడర్ గెలిచినా ఓడినా బ్రోకర్‌కి ఇరవై వస్తుంది, కానీ ఓడేవాళ్లు అంతమంది ఉన్న చోట ఆ గుంపు ఎల్లకాలం అలాగే ఉండదు, ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. ట్రేడింగ్‌ని కాసేపు తనకి తానే ఆపుకునే కిల్ స్విచ్ లాంటివి జెరోధా ముందే పెట్టింది, తన ఆదాయానికి తనే అడ్డం పెట్టుకున్నట్టు. అది మెచ్చుకోవాల్సిందే. అయినా గుంపుని ఎంచుకునేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మనుషులు మన దగ్గర అయిదేళ్లు కస్టమర్లుగా ఉంటే వాళ్ల పరిస్థితి బాగుపడుతుందా, లేదా? బ్లాగర్‌కి ఈమెయిల్ లిస్టు పెరిగితే ఆదాయం పెరుగుతుంది, అకౌంటెంట్‌కి టాలీ వస్తే ఉద్యోగం దొరుకుతుంది. అలాంటి చోట కమ్యూనిటీని కాపాడుకోవడానికి ప్రత్యేకంగా పాట్లు పడక్కర్లేదు.

గుంపు నిండిపోయాక ఎటు పోవాలి అన్నది ఆఖరి చిక్కు. కన్వర్ట్‌కిట్ బ్లాగర్ల దగ్గరే ఆగిపోలేదు. పాడ్‌కాస్టర్లు, యూట్యూబర్లు, సంగీతకారులు వచ్చారు, క్రియేటర్లు అనే పెద్ద పేరు కింద అందరినీ చేర్చుకుంది, 2024లో కిట్ అని పేరు కూడా మార్చుకుంది. జెరోధా ట్రేడర్ల నుంచి మెల్లగా మామూలు ఇన్వెస్టర్ల వైపు వెళ్లింది. రెండు చోట్లా కొత్త గుంపు పాత గుంపుకి గోడ పక్కదే. బ్లాగర్లలో చాలామంది అప్పటికే పాడ్‌కాస్ట్ చేస్తున్నారు, ట్రేడర్ ఇంట్లో దీర్ఘకాలం షేర్లు ఉంచుకునే తమ్ముడో, బావమరిదో ఉన్నాడు. మిర్చి ఏసీల సాఫ్ట్‌వేర్ పసుపు గోదాములకి వెళ్లొచ్చు, ఎందుకంటే కమీషన్ వ్యాపారుల్లో రెండు సరుకులూ చూసేవాళ్లుంటారు. అదే సాఫ్ట్‌వేర్‌ని మందుల డిస్ట్రిబ్యూటర్లకి అమ్మబోతే అక్కడ ఎవరూ ఎవరికీ తెలియదు, మళ్లీ మొదటి నుంచి మొదలే. ఎప్పుడు కదలాలో కూడా గుంపే చెబుతుంది. నిజామాబాద్ నుంచి ఎవరో ఫోన్ చేసి, మీది మిర్చికని తెలుసు, మేం పసుపుకి వాడుతున్నాం, లాటు దగ్గర పేరు మార్చుకునే వీలుంటే బావుండు అంటారు. అలాంటి ఫోన్లు మూడో నాలుగో వచ్చేదాకా ఉన్న గుంపు పని చూసుకోవచ్చు. వచ్చాక మాత్రం ఆలస్యం చెయ్యకుండా నిజామాబాద్ బస్సెక్కి, ఆ యార్డులో గుమస్తా పక్కన మళ్లీ ఒక సీజన్ కూర్చోవాలి.